ఫోటోలో బేలరు

లక్షా ఎనభై వేలు. మందు కొట్టే పంపులు అద్దెకిచ్చి అతను కూడబెట్టింది అంతే. గడ్డి కట్టలు కట్టే సెకండ్‌హ్యాండ్ బేలరు ధర కూడా సరిగ్గా అంతే. ట్రాక్టరు అద్దె, డీజిలు పోగా రోజుకి ఆరు వేలు మిగిలితే నెల తిరిగేసరికి పెట్టుబడి చేతికొస్తుంది. టీ చల్లారేలోపు ఈ లెక్క మూడుసార్లు వేశాడు. కుర్చీలో మాత్రం ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు.

ఫోన్‌లో బ్రోకరు ఒకటే తొందర. “రెండేళ్ళ బండి తమ్ముడూ! ఇంతదూరం రావడం దేనికి, ఛార్జీలు దండగ. ఫోటో పంపాగా. డబ్బు వేసెయ్, సాయంత్రానికి లారీ ఎక్కిస్తా. ఇంకో పార్టీ నా ప్రాణం తీస్తున్నాడు.”

“పది నిమిషాలన్నా” అని పెట్టేసి, వంటింట్లోకి పరిగెత్తాడు. “అత్తా, కాస్త చూసిపెట్టవూ?”

మేనత్త అంట్లు తోముతోంది. “పెళ్ళయ్యాక కూడా ఇలాగే నా కొంగు పట్టుకు తిరుగుతావేంట్రా” అంటూ చెయ్యి కడుక్కుని, గాజులు పైకి తోసి, ఫోన్ తెరలోకి మణికట్టు దాకా పెట్టింది. వీధిలోవాళ్ళు నిన్నమొన్నటి ఫోటోలు పట్టుకొస్తే, ఇలాగే చెయ్యి పెట్టి పిల్లల మూతులు తుడిచేది, మడతపడ్డ కాలర్లు సర్దేది ఆవిడే.

“గొలుసు బిగువుగానే ఉంది. బేరింగు ఆడట్లేదు. దారం ముడేసే కొక్కెం కూడా అరగలేదురా.”

“బంగారం! ఇక తియ్యత్తా, ఆ ఫోన్లోంచే డబ్బు వెయ్యాలి.”

“ఉండరా.”

“అవతల వాడు ఆగడత్తా!”

“ఇంకాసేపు ఉంచనివ్వరా. లోపల వేళ్ళు నొప్పెట్టట్లేదు. పిడికిలి కూడా పడుతోంది.” ఆవిడ కళ్ళు మూసుకుంది. “పాత ఫోటోల్లో ఇలాగే ఉండేది. మనవన్నీ వానకి తడిసి పాడయ్యాక ఈ సుఖమే మర్చిపోయా.”

“పాత ఫోటో ఏంటి?”

“ఫోటో తీసిన నాటి చెయ్యే కదరా లోపల ఉండేది!”

అటూఇటూ తిరుగుతున్నవాడు ఆగిపోయాడు. “నీ వేళ్ళు వాచి ఎన్నేళ్ళయింది?”

“ఆరేళ్ళు దాటలేదూ?”

రెండేళ్ళ బండికి ఆరేళ్ళ పైబడ్డ ఫోటో. ఈ లెక్కకి టీ చల్లారేంత సేపు పట్టలేదు.

అత్తని బతిమాలి ఫోన్ తీసుకున్నాడు. “అన్నా, ఇంకో ఫోటో తీసి పంపు. ఇప్పుడే.”

“ఏ ఫోటో అయితే ఏంటి తమ్ముడూ? నమ్మకం లేకపోతే ఎలా?”

“నమ్మకం ఉందన్నా. కొత్త ఫోటోయే లేదు.”

లైను తెగింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

డబ్బు మిగిలింది గానీ కోతలు వారంలోకి వచ్చేశాయి. ఇంకొకడెవరో బేలరు అమ్ముతున్నాడని తెలిసి ఫోన్ చేశాడు. “ఫోటో వద్దు, నేనే వస్తున్నా” అని, సంచిలో స్పానరు, టార్చిలైటు పడేసుకున్నాడు. బ్రోకరు నంబరు చెరిపేశాడు. ఫోటో కూడా చెరపబోతూ తలెత్తాడు. వేళ్ళు వంగక, అత్త రెండు అరచేతుల మధ్యా గిన్నె అదిమి పట్టుకుని కడుగుతోంది.

బస్సుకి ఇంకా టైముంది. సంచి భుజాన వేసుకుని ఫోటో స్టూడియో మెట్టు దగ్గర ఆగి, లోపలికి కేకేశాడు.

“అన్నా, ఒక బండి ఫోటో ఉంది. కిటికీ అంత సైజుకి ఎంత తీసుకుంటావు? లోపలికి రెండు చేతులూ పట్టాలి.”