ఏ గట్టు వేల్పు?

పగిడయ్య విసిరిన స్టూలు తగిలి మందుల బీరువా అద్దం భళ్లుమంది. ఆ గాజు పెంకుల మీదే ఉత్తకాళ్లతో తిరుగుతూ, గోడ మీద లేని చీమలను కొడవలితో నరుకుతున్నాడు. దవాఖానా గచ్చంతా నెత్తుటి అడుగులు.

నర్సు కళావతి సిరంజిలో మందు ఎక్కించుకుని మంచం చాటున నిలబడింది. భద్రాచలం మీటింగుకు వెళ్లిన డాక్టరు ఫోనులో ఒకటే మాట చెప్పాడు. డిపో కల్లులో కలిపే మత్తుమందు పొడికి మరిగిన ఒళ్లది. కల్లు డిపోకు తాళం పడి అది దొరక్క, పొద్దున ఒకసారి ఫిట్సు వచ్చాయి. సూది పడకపోతే మళ్లీ వస్తాయి, ప్రాణం తీసి పోతాయి.

"పట్టుకోండయ్యా, ఒక్క నిమిషం!"

గడప అవతల చేతులు జోడించి నిలబడ్డ పగిడయ్య అన్న ముసలయ్య కదలలేదు. "మాతోని కాదు సిస్టరమ్మా. వానికి వేల్పు పూనింది. మీద చెయ్యేస్తే మా ఇంట్ల పీనుగ లేస్తది."

"వెయ్యకపోతే ఈడనే లేస్తది!"

వేల్పు అని ఊళ్లో చెప్పింది పగిడయ్య భార్య నాగక్కే. నిజం కళావతికి మాత్రమే చెప్పుకుంది. నర్సు మూలన కూర్చున్న ఆమె వైపు చూసింది. పొద్దున మొగుడు గుద్దిన గుద్దుకు చిట్లిన పెదవి తుడుచుకుంటూ నాగక్క లేచింది.

"బావా, వేల్పయితే గట్టు అడుగు."

పూనిన వేల్పు ముందుగా తాను ఏ గట్టుదో, అంటే ఏ వంశపుదో చెప్పుకోవాలి. ముసలయ్య తల వంచాడు. "ఏ గట్టు దొరవయ్యా?"

"సీసా!" అరిచాడు పగిడయ్య. "డిపో సీసా తే! లేకుంటే పేగులు తీస్త!"

ముసలయ్య ముఖం మాడిపోయింది. "డిపో కల్లు ముట్టనని వేల్పు ముందర ఒట్టేసిండు గదనే!"

"ఒట్టేసి వచ్చి తాగిండు బావా. నేనే తెచ్చిచ్చిన. వణుకు చూడలేక."

కొడవలి ముసలయ్య మెడ మీదికి లేచింది. నాగక్క అడ్డం దూకి మొగుణ్ని వాటేసుకుంది. దెబ్బ ఆమె ముంజేతిని ఎముక దాకా చీల్చింది. అయినా పట్టు వదలలేదు.

"ఎయ్యి సిస్టరమ్మా!"

ముసలయ్య బూతులు తిడుతూ తమ్ముణ్ని నేలకేసి కొట్టి, కొడవలి చేతిని మోకాలితో తొక్కిపట్టాడు. కళావతి అతని తొడలో సూది దించింది. పగిడయ్య ఆమె మణికట్టు కొరికాడు. పళ్లు దిగబడుతున్నా మందు అయిపోయేదాకా ఆమె చెయ్యి తీయలేదు.

సాయంత్రం పగిడయ్య కళ్లు తెరిచాడు. మంచానికి కట్టేసి ఉన్నాడు. పక్కనే కూర్చున్న భార్య చేతికి కుట్లు, కట్టు.

"ఎవడే నిన్ను కోసింది? పేరు చెప్పు, నరుకుత!"

నాగక్క గోడ వైపు తిరిగింది.

"నువ్వే," అంది కళావతి.

పగిడయ్య భార్య చేతి కట్టు వైపు చూశాడు. మంచానికి కట్టేసిన అతని చేతివేళ్లు మళ్లీ వణకసాగాయి. "సిస్టరమ్మా... మళ్ల వస్తుంది. జల్దీ ఎయ్యి."

కళావతి సిరంజి అందుకుంది. ముసలయ్య ఎవరూ పిలవకుండానే వచ్చి తమ్ముడి కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు.