తాయారమ్మ వండిన దాల్చినచెక్క రొట్టె

హేమంతము ముదిరి భీమునిపట్టణమును ధవళనీహారయవనిక యావరించియుండ సూర్యబింబము కడలి కవ్వలనే జాగు చేయుచున్నట్లు దిక్కులు తెల్లవాఱియుఁ దెల్లవాఱని యొక సందిగ్ధవర్ణమును దాల్చియుండెను. వలలు భుజముల మోచుకొని పల్లెవాండ్రు తీరమునకుఁ దరలిపోవుచుండిరి. దీపస్తంభపు వెలుఁగు మంచులోఁ గరఁగి యున్నదో లేదో తెలియకుండెను. అట్టి ప్రాతఃకాలమున ఆ పట్టణమునందలి యొక పెంకుటింటి వంటగదిలో అఱువదియేండ్ల తాయారమ్మ యను వైష్ణవవితంతువు కుంపటి యెదుట నిలిచి తన జన్మమునఁ దొలిసారిగాఁ గోడిగ్రుడ్డు నొకదానిని అరచేతఁ బట్టుకొని దాని నెట్లు పగులఁగొట్టవలయునో యెఱుఁగక కలఁతపడుచుండెను.

ఆచారపరాయణయగు ఆమె యిట్టి సాహసమునకుఁ బూనుటకుఁ గారణము కోడలు. తాయారమ్మ యేకపుత్రుఁడు శేషశాయి పాఠశాలలో నుపాధ్యాయుఁడు. అతఁడు వాల్తేరు రైల్వే క్వార్టర్సులోఁ బెరిగిన గార్డుగారి కుమార్తెయగు ఎస్తేరు అను క్రైస్తవకన్యను వలచి వివాహమాడెను. తల్లి యడ్డుపెట్టలేదు కాని యాదరింపనులేదు. కాపురమునకు వచ్చిన మొదటి యాదివారమున ఆ చిన్నది తన పుట్టినింటి వాడుకచొప్పునఁ బాలలో గ్రుడ్లు గిలకొట్టి పంచదారయు దాల్చినచెక్కపొడియుఁ గలిపి బ్రెడ్డుముక్కల నందు ముంచి తాను వెంటఁదెచ్చుకొన్న పెనముమీఁద నేతితో వేయించి ఉత్సాహప్రఫుల్లవదనముతోఁ దెచ్చి అత్తగారి యెదుట నుంచెను. పరిమళ మింపుగనే యుండెను. కాని యా పరిమళము మాటున నున్న గ్రుడ్డువాసన నాసికకు సోఁకఁగానే తాయారమ్మ పళ్ళెము ముట్టక పెనమును బెరటిగోడ ప్రక్కఁ బెట్టి రమ్మని యాజ్ఞాపించి అంతటితో నూరకుండక ఆ పెనమున్న చోటనే దానిని దెచ్చినవారును నుండుట యుచితమని యొక్క మాట యనెను. ఎస్తేరు పెనమును గోడప్రక్కఁ బెట్టి వచ్చి చేతులు కడుగుకొని సాయంకాలపు బస్సులో వాల్తేరునకు వెడలిపోయెను.

నాటినుండి నాలుగు మాసములు శేషశాయి యిచటఁ గొన్నిదినములును అచటఁ గొన్నిదినములును గడపుచు నెవ్వరితోను మనసిచ్చి మాటలాడలేక కృశించెను. ఇంతలో నతనికి జగదల్‌పురమునందు ఉద్యోగము దొరకెను. నిన్నటి సాయంకాలమున అతఁడు భార్యను దోడ్కొనివచ్చుటకై పోవుచుఁ దల్లితో ముక్తసరిగాఁ జెప్పినదేమనఁగా, తామిరువురును ఉదయపు బస్సున వచ్చి పుస్తకముల పెట్టె తీసికొని యెనిమిదిన్నర బస్సున విజయనగరమునకుఁ బోవుదురనియు, ఎస్తేరు మాత్రము వీథిలోనే నిలుచుననియు, దానికిఁ దల్లి కష్టపెట్టుకొనవలదనియు.

కుమారుఁ డటు పోయినది మొదలు తాయారమ్మకుఁ గాలు నిలువలేదు. బజారునకుఁ బోయి బ్రెడ్డు తెచ్చుకొనెను. పెరటిలోఁ ద్రుప్పుపట్టియున్న పెనమును జింతపండుతోఁ దోమెను. తరువాతఁ బ్రక్కయింటి మాణిక్యమ్మయొద్దకుఁ బోయెను. పూర్వము ఆసుపత్రిలో నర్సుగాఁ బనిచేసి విరమించిన యామె వంటవిధ మంతయు వివరించి మూఁడు గ్రుడ్లు చేతఁబెట్టి విస్మయమాఁపుకొనలేక యడిగెను.

“మీరు తింటారా తాయారమ్మగారూ?”

“తినను. వండుతాను.”

అని వచ్చెఁ గాని వండుట యంత సులభముగా లేదు. మొదటి గ్రుడ్డు గిన్నె యంచునఁ దాఁకింపఁగా వ్రేళ్ళ సందులనుండి జాఱి నేలపాలయ్యెను. రెండవదానితోఁ బెంకుముక్కలును గిన్నెలోఁ బడఁగా వాని నొక్కటొక్కటిగా నేరివేయుచు ఆమె పలుమాఱు మొగము త్రిప్పుకొనెను. అర్ధశతాబ్దముగా నైవేద్యములు వండిన చేతు లివి యని తలఁపునకు వచ్చినప్పు డామె భయపడినది పాపమునకుఁ గాదు. ఇంత చేసియు ఆ పిల్ల దీనిని గపటమని తలంచునేమో యని. వీథిలో బండిచక్రము కదలినను బస్సేమో యని వాకిటికిఁ బరుగిడుచు మరల వంటగదికి వచ్చుచు మంచులోనికిఁ దొంగిచూచుచు ఆమె యా గంటకాలమున నెన్నిసారులు తిరిగెనో. అట్టి యొక తిరుగుటలో మొదటి ముక్క మాఁడి బొగ్గయ్యెను. రెండవ ముక్క పాలలో నతిగా నాని యెత్తఁబోవఁగా విఱిగి ముద్దయ్యెను. మూఁడవదానిని బెనముమీఁద వేసినంతనే వాకిట శేషశాయి కంఠము వినఁబడెను.

అతఁడు లోనికి వచ్చి వంటగది గుమ్మమున నొకక్షణము నిలిచి పెట్టె యున్న గదిలోనికిఁ బోయెను. ఎస్తేరు వీథిలో అరుగునకు నాలుగడుగుల దూరమున బూడిదరంగు చీర కొంగు నిండఁ గప్పుకొని సముద్రమువైపు మొగమై నిలిచియుండెను. దాల్చినచెక్కతోఁ గాఁగిన నేతివాసన యామెకడకుఁ బోయినదేమో, ఆమె తల యించుక యిటు తిరిగెను. తాయారమ్మ నేయి యంటిన చేతులతోఁ జెదరిన ముంగురులతో అరుగుమీఁదికి వచ్చి తాను రాత్రినుండియుఁ గూర్చుకొన్న మాటలన్నియు మఱచి,

“అమ్మాయీ, పెనంమీద ఒకటి ఉంది. దాన్ని తిరగెయ్యడం నాకు చేతకావడం లేదు” అనెను.

ఎస్తేరు కొంగు సవరించుకొని తలుపువైపుఁ జూచెను. లోపల నేయి చిటపటలాడుచుండెను. ఇంకొకక్షణ మాలసింప మాఁడిపోవునని యిరువురకుఁ దెలియును. తుదకామె చెప్పులు మెట్టుప్రక్క విడిచి అత్తగారిని దాఁటికొని వంటగదిలోనికిఁ బోయి అట్లకాడ యందుకొని ముక్కను లాఘవముగాఁ ద్రిప్పెను. క్రిందివైపు కాంచనవర్ణమై యుండెను. దానిని బళ్ళెములోనికిఁ దీసికొని గోడకుఁ జేరఁబడి కూర్చుండి చిన్నముక్క త్రుంచి నోటఁ బెట్టుకొనెను. తాయారమ్మ యా మొగమునే చూచుచుండెను.

“పంచదార వెయ్యడం మరిచిపోయారండి” అని యెస్తేరు మెల్లగాఁ బలికెను.

తాయారమ్మ తెల్లపోయెను. అంతలోనే దేవతార్చనగదిలోనికిఁ బోయి నైవేద్యమునకై వేఱుగా నుంచిన పంచదార జాడీని దెచ్చి మూఁత తీసి కోడలి ముందుంచెను. అన్యహస్తస్పర్శ యెఱుఁగని యా జాడీని జూచి ఎస్తేరు చేయి వెనుకకుఁ దీసికొనెను.

“మీరే వెయ్యండి.”

“కాదు, నువ్వే తీసుకో” అని తాయారమ్మ యామె యెదుటఁ గూర్చుండి “ఆ రోజు నేనన్న మాట అనకూడనిది” అనెను.

“అవునండి. అది నాలుగు నెలలుగా నాతోనే ఉంది.”

పర్వాలేదని యామె యనలేదు. తాయారమ్మయు అట్లనుమని కోరలేదు. పిదప ఎస్తేరు జాడీలో వ్రేళ్ళుంచి చిటికెఁడు పంచదార తీసి రొట్టెమీఁదఁ జల్లుకొని కడవఱకుఁ దినెను. మిగిలిన గ్రుడ్డును దానే కొట్టి మగనికొఱకు మఱి రెండు ముక్కలు వేయించెను. శేషశాయి పెట్టెమీఁదఁ గూర్చుండి తల వంచుకొని తినెను.

ఎనిమిదిన్నర బస్సునకు వేళ కాఁగా అత్తగారు వారితో వీథిమలుపువఱకు నడచెను. సామాను పైకెక్కించిన తరువాత ఎస్తేరు కిటికీయొద్దఁ గూర్చుండి బయటకుఁ జూడకయే,

“జగదల్‌పురంలో చలి ఎక్కువటండి. వచ్చేటప్పుడు శాలువా తెచ్చుకోండి” అనెను.

బస్సు కదలెను. తాయారమ్మ యింటికి వచ్చి పని యేమియు ముట్టక మొదట కొయ్యపెట్టె తెఱచి అడుగున మడఁతలలో నున్న యొక యూదారంగు శాలువను వెలికిఁ దీసెను. దానిని జిమ్మట లచ్చటచ్చటఁ గొట్టియుండెను. పెరటి దండెముమీఁద దాని నాఱవేసి ప్రక్కనే సూదియు దారమును బట్టుకొని కూర్చుండెను. మంచు విచ్చుచుండెను, సముద్రపుగాలి యెత్తినప్పుడెల్ల శాలువ యుబ్బి దాని చిల్లులలోనుండి సన్నని యెండ యామె యొడిలోఁ బడుచుండెను.