కందెన డబ్బా

లక్ష్ముడి చేతిలో సుత్తి చూస్తేనే అసిరయ్యకు ఒళ్లు మండిపోయేది. పాతపట్నంలో జీపు మెకానిక్కు అంటే తనొక్కడే. ఆ లక్ష్ముడు ఎడ్లబండి చక్రాలకు పట్టీలు వేసుకునేవాడు. అలాంటి బడుద్ధాయికి చెల్లెలు నీలవేణిని కట్టబెట్టాడని, పోయిన తండ్రిని ఇప్పటికీ తిడుతుంటాడు.

ఇప్పుడు లక్ష్ముడికి ఊళ్లో పని లేదు. అసిరయ్య తన షెడ్డులో చోటివ్వకపోతే మొగుడూ పెళ్లాలు సాయంత్రం చిన్న రైలెక్కి, దారిలో పెద్ద రైలుకి మారి ఖరగ్‌పూరు కూలికి పోతారు. నీలవేణే వచ్చి అడిగింది. చెల్లెలు ఊరొదిలి పోవడం అసిరయ్యకు ఇష్టం లేదు. కానీ ఆ మాట పైకంటే ఆ వెధవకి లోకువైపోడూ!

"సరే, రమ్మను. ఈ జీపు ముందు యాక్సిల్ ఓపక్క నాను ఇప్పుతాను, ఓపక్క ఆడు ఇప్పుతాడు. సేతనైతే ఉంటాడు, లేదంటే రైలెక్కుతాడు" అన్నాడు.

కొండదారుల్లో తిరిగి తిరిగి ఆ జీపు మలుపు తిప్పినప్పుడల్లా టకటకమంటోంది. చక్రం పక్కకు తిరిగినా యాక్సిల్ ఆడేలా మధ్యలో ఉండే నాలుగు కొమ్మల క్రాసులు అరిగిపోయాయి. కొత్తవి వెయ్యాలి. కొమ్మకొక కప్పు, కప్పు నిండా సూదుల్లాంటి బేరింగులు. గ్రీజుతో అంటిస్తేగాని అవి నిలవవు.

పని మొదలుపెట్టబోతుంటే ఇంటి గుమ్మంలోంచి భార్య దాలమ్మ పిలిచింది.

"ఇదిగో, ఆ గ్రీజు డబ్బాలో..."

"నోర్మూసుకోయే! నువ్వు కూడా నాకు సెప్పొచ్చేవా?"

దాలమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయింది.

నోట్లో చుట్ట పెట్టుకుని అసిరయ్య పాత క్రాసు ఊడదీశాడు. చూపు మాత్రం లక్ష్ముడి మీదే.

"ఒరే, బండి ఇరుసనుకున్నావేటి, అలా బాదేస్తన్నావు? వైసులో పెట్టి నొక్కు! కప్పు తిన్నగా పట్టుకోడం రాదు, మెకానిక్కవుతాడట!"

లక్ష్ముడు కప్పును వైసు దవడల మధ్య పెట్టి నొక్కాడు. అసిరయ్య డబ్బాలో చెయ్యి పెట్టాక తనూ పెట్టాడు, అతను పూసినట్టే పూశాడు. కప్పులు జారకుండా పెట్టే లాకులు కూడా సరిగ్గానే బిగించాడు. తప్పేదీ దొరక్కపోయేసరికి అసిరయ్యకు చిర్రెత్తుకొచ్చింది. చుట్ట తీసి పారేసి, వంగి, లక్ష్ముడు వేసిన క్రాసు దగ్గర మొహం పెట్టాడు. చుట్ట పొగలో ఇందాక తెలియని ఆముదం వాసన. కాలిన గడ్డి వాసన. బండి ఇరుసుకు రాసే కందెన!

"ఓరి నీ కడుపు కాలా! సూదుల బేరింగుకి కందెన పూసేవా? ఆ మసికి నాల్రోజుల్లో అరిగిపోదేటి? బండోడివి, నీకు జీపులెందుకురా? పో! రైలెక్కు పో!"

తిడుతున్నాడే గాని లోపల ఎంత సంతోషమో. తాననుకున్నదే నిజమైంది కదా!

లక్ష్ముడు బిక్కమొహం వేశాడు. "కందెనని నాకూ తెలిసింది బావా. ముందు నువ్వే పూసేవు కదా. జీపులకీ ఇదే కాబోలనుకున్నాను."

మూట పెట్టుకుని బయట కూర్చున్న నీలవేణి వచ్చి అన్న చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"నీ సేతికీ అదే ఉన్నాది, అన్నియ్యా."

గుమ్మంలోంచి దాలమ్మ అందుకుంది. "గ్రీజు అయిపోతే ఆ డబ్బాలో మా నాన్న బండికి కందెన కలిపి పెట్టేను. సెప్పబోతే ఇన్నావా?"

అసిరయ్య చెయ్యి లాక్కుని లుంగీకి తుడుచుకున్నాడు. "సర్లే... రేపట్నుంచి రమ్మను" అని గొణిగాడు.

నీలవేణి అన్నను ఎగాదిగా చూసింది. లక్ష్ముణ్ని ఇన్నాళ్లూ అసిరయ్య చూసిన చూపే అది.

"దేనికి? తనేటి పూస్తన్నాడో తనే సూసుకోని మేస్త్రీ దగ్గర మా ఆయన నేర్సుకోడానికేటున్నాది? పదయ్యా, రైలుకి వేళయింది."

లక్ష్ముడు మూట భుజానికెత్తుకున్నాడు. అసిరయ్య "ఒసే నీలా" అన్నాడు గాని ఆమె వెనక్కి తిరగలేదు.

రైలు కూత వేసేసరికి అతను జీపు కింద ఉన్నాడు, రెండు పక్కలా బిగించినవన్నీ మళ్లీ విప్పుతూ. అవతలి పక్క పట్టుకోడానికి మనిషి లేడు.