కవర్లు తీసిన అంగడి

“పదేండ్లు గీత పడకుండా కాపాడుకున్న ఫ్రిజ్జు! ఎవుర్ని అడిగి కవరు చింపినావమ్మీ?” మూడు రోజులుగా శారదమ్మది ఇదే పాట.

“కవరు కింద అది మెరూన్ రంగని ఇంట్లో ఎవరికన్నా గుర్తుందా అత్తా?” అంది వాసవి, చపాతీ పిండి కలుపుతూ.

“నాలుగు దినాలు కొరియా పోయొచ్చి మాకు రంగులు నేర్పిస్తాండావా?”

“ఇంట్లో తీసింది చాలక అంగట్లో కూడా తీస్తానంటాంది,” అన్నాడు మామ లక్ష్మయ్య, పేపరు దించకుండా. “కవరు లేని సరుకును సెకండ్‌హ్యాండంటారు జనం.”

అసలు తగువు అదే. నంద్యాలలో వాళ్ల టీవీలు, ఫ్రిజ్జుల అంగడి బాగానే నడుస్తోంది. ఆళ్లగడ్డలో పెట్టిన రెండోదే ఈగలు తోలుకుంటోంది. దసరాకు దాన్ని మూసేద్దామని లక్ష్మయ్య తేల్చేశాడు. అంతవరకు తనకిమ్మని వాసవి అడిగింది. ఆ ఇంట్లో ఆడమనిషి గల్లా దగ్గర కూర్చున్నది లేదు. ఎలాగూ మూసేదే కదా అని ఆయన సరేనన్నాడు గానీ, కవర్ల దగ్గర బిగుసుకున్నాడు.

“మూసే అంగట్లో కవర్లుంటే ఏం, లేకుంటే ఏం నాయనా?” అన్నాడు వాసవి భర్త జయప్రకాష్. లక్ష్మయ్య పేపరు పేజీ తిప్పాడు. అదే ఒప్పుకోవడమనుకుంది వాసవి.

బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్లు ఆ ఏడు ఆలుమగలతో కొరియాలోని సియోల్‌కు తీసుకుపోయారు; నంద్యాల అంగడి తరఫున జయప్రకాష్, వాసవి పోయొచ్చారు. మగవాళ్లు ఫ్యాక్టరీ చూడబోయిన పూట, ఆడవాళ్లను గంగ్నమ్ అనే పేటలో దించారు. ఈ నెల ఈ వీధుల్లో ఏది వేసుకుంటే వచ్చే నెల దేశమంతా అదే వేసుకుంటుందని గైడు పిల్ల చెప్పింది. మిగతావాళ్లు చలికి జడిసి బస్సులోనే కూర్చున్నారు. వాసవి పట్టుచీర మీద స్వెట్టరు తొడుక్కుని, హోటలు అడ్రసు కార్డు గుప్పిట్లో పట్టుకుని దిగింది.

ఆకాశానికి అంటుకున్న అద్దాల మేడలు. పెళ్లికి ఆలస్యమైపోయినట్టు నడిచే నల్లకోట్ల ఆడవాళ్లు. ఒకామె చంకలోని కుక్కకు కూడా కోటే! ఒక పెద్ద అంగట్లోకి అడుగుపెట్టబోతూ, నంద్యాల బట్టలంగట్లో లాగా వాసవి గడప దగ్గర చెప్పులు విడిచింది. లోపల పిల్ల గబగబా వచ్చి, వంగి, ఆ చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల ముందే పెట్టింది. వాసవికి సిగ్గేసింది. అయినా తిరిగి పోలేదు.

లోపల అంగడి లేదు, ఒక వంటిల్లు ఉంది. పొయ్యి, బల్ల, సోఫా, నడుస్తున్న ఫ్రిజ్జు, అన్నీ అమ్మకానికి పెట్టినవే. ఒక ముసలామె ఫ్రిజ్జు తెరిచి, తల లోపలికి పెట్టి చల్లదనానికి నవ్వుతోంది. ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. వాసవి కూడా చెయ్యి పెట్టి చూసింది. ఆళ్లగడ్డలో మొగుళ్లు ధర అడుగుతుంటే, కవర్లు కప్పిన సరుకును మెట్ల మీంచే చూసిపోయే ఆడవాళ్లు కళ్ల ముందు మెదిలారు.

ఇంట్లో తగువు తేలిన వారంలోనే ఆళ్లగడ్డ అంగట్లో ‘ముట్టరాదు’ బోర్డును వాసవి తీయించింది. కవర్లు పోయాయి. వాకిలికి ఎదురుగా కడప బండ పరిచిన వంటగట్టు లేచింది. ఫ్రిజ్జులో మజ్జిగ, నీళ్లు. వచ్చినవాళ్లు తాగి, మూతి తుడుచుకుని పోయేవాళ్లు.

“చలివేంద్రం పెట్టినావా ఏందే?” అని జయప్రకాష్ ఏడిపించాడు.

“పెట్టినా. నువ్వూ తాగిపో,” అంది వాసవి.

ఒక మధ్యాహ్నం దొర్నిపాడు నుంచి హన్నమ్మ అనే ఆమె వచ్చి, మెట్టు కింద చెప్పులు విడిచి నిలబడింది. వాసవి వంగి, ఆ చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టింది.

“అయ్యో, నువ్వు పట్టుకుంటావేందమ్మా!”

“వేసుకునే రా అక్కా. ఫ్రిజ్జు తలుపు నువ్వే తెరువు.”

హన్నమ్మ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. “దీంట్లో పెడితే పెరుగు పులవదా?”

“రేపు మీ ఇంటి పెరుగే తెచ్చి పెట్టి చూడు.”

ఆమె నిజంగానే గిన్నెతో వచ్చింది. రెండోనాడు సాయంత్రం ఆ పెరుగు రుచి చూసి, ఆ వారమే మొగుణ్ణి లాక్కొచ్చి ఫ్రిజ్జు కొనిపించింది. వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు. “మీరే తెరిచి చూడండే, ఈయమ్మ ఏమీ అనదు,” అని తన సొంత అంగడైనట్టు చెప్పింది. దసరా నాటికి నంద్యాల అంగడి నుంచే ఆళ్లగడ్డకు ఫ్రిజ్జులు పంపాల్సి వచ్చింది.

పండగ రోజు అందరూ భోజనాలకు కూర్చున్నారు. మెరూన్ ఫ్రిజ్జులోంచి శారదమ్మ పెరుగు తీసి, తలుపు మీద పడిన వేలిముద్రను కొంగుతో తుడిచింది.

లక్ష్మయ్య గొంతు సవరించుకున్నాడు. “ఆళ్లగడ్డ అంగడి మూసే మాట…”

“మూసేది లేదు మామా,” అంది వాసవి, ఆయన విస్తట్లో అన్నం వడ్డిస్తూ, గొంతు పెంచకుండా. “దసరా అయిపోయినా ఆడ గల్లా కాడ నేనే కూచుంటాను.”