ముల్లు మధ్యకు వచ్చాక

ఉదయం ఆరుంబావు. పోర్టు క్వార్టర్సు మూడో వరస చివరి ఇంటి పెరట్లో రామలక్ష్మమ్మ కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కుడికాలికి మగవాళ్ళ పాత బూటు తొడుక్కుంది. పెరటి తలుపు గడియ పెట్టే ఉంది. రాత్రి గాలికి కొట్టుకొచ్చిన ఇనుప ఖనిజం ధూళి బుల్లెట్ టాంకు మీద ఎర్రగా పేరుకుంది. తడిగుడ్డతో తుడిచి, పెట్రోలు కుళాయి తిప్పింది. హ్యాండిలు దగ్గరున్న చిన్న లివరు నొక్కిపట్టి, కాలితో కిక్కును మెల్లగా దింపుతూ కరెంటు మీటరులో ముల్లుని చూసింది. ముల్లు పక్కకి ఒరిగి, మళ్ళీ మధ్యకు వచ్చి నిలబడింది. లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, ఒంటి బరువంతా కాలి మీద వేసి ఒక్క తన్ను తన్నింది.

బండి అందుకుంది.

అరుగు మీద కూర్చున్న ఆమె భర్త జగ్గారావు గోడ పట్టుకుని లేచాడు. కుడి మోకాలు వంగదు. గోడ ఆసరాతోనే బండి ఎక్కి, చొక్కా సర్దుకుని, నిటారుగా కూర్చున్నాడు. ఆమె తలుపు తీసి పక్కకు తప్పుకుంది. వీధిలోవాళ్ళకి కనబడేది అంతవరకే, పాతికేళ్ళుగా చూస్తున్న జగ్గారావు, అదే బుల్లెట్, అదే దడదడ. బండి మీదున్నంతసేపూ మనిషి కుంటితనం బయటపడదు.

ఎనిమిది నెలల క్రితం ఒకరోజు డ్యూటీకి ఆలస్యమవుతోందని ముల్లు చూసుకోకుండా కిక్కు కొట్టాడు. అది ఎదురు తన్నింది. మోకాలు మెలిపడింది. పోర్టు ఆసుపత్రికి వెళ్ళలేదు. కాగితం మీద పడితే వ్యాగన్లు తిరగేసే యంత్రం దగ్గరి కేబిన్లోంచి తీసి, ఏ గేటు దగ్గరో స్టూలు వేసి కూర్చోబెడతారని భయం. బస్సులో వెళ్దామంటే అది మెయిన్ గేటు దగ్గరే దింపేస్తుంది. అక్కణ్ణించి మైలున్నర నడక. ఆ నడక పోర్టు అంతా చూస్తుంది. తిరిగొచ్చేటప్పుడు చింత లేదు. రైలు కట్ట పక్క వాలులో నిలిపిన బండిని కిందికి దొర్లించి గేరులో వేస్తే స్టార్టవుతుంది. ఇంటి దగ్గరే వాలు లేదు. ఉన్నది ఇసక, రామలక్ష్మమ్మ.

మొదట్లో ఉత్తికాలితోనే తన్నేది. వారం తిరక్కుండా పాదం పగిలింది. ఆ మర్నాడు అరుగు మీద ఈ పాత బూటు కనబడింది. ఎవరు పెట్టారని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఈ సంగతి ఇంకొక్క మనిషికి తెలుసు. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పెరటిదారిన వచ్చే పోతమ్మ. ఒకనాడు గోడ మీంచి చూసి, "మా ఇంటోడి పడవ ఇంజనూ ఇలాగే మొరాయిస్తదమ్మా" అని, కవళ్ళు తూచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఈ ఎనిమిది నెలల్లో రామలక్ష్మమ్మ ఒక్క రాత్రి కూడా ఇల్లు కదల్లేదు. పరవాడలో మేనకోడలి పెళ్ళికి పొద్దున వెళ్ళి, పెళ్ళికూతురు ఇంకా పీటల మీద ఉండగానే సాయంత్రం బస్సు పట్టుకుని వచ్చేసింది. ఏం పుట్టి మునిగిందని అందరూ ఆడిపోసుకున్నారు. ఏం చెబుతుంది?

ఇప్పుడు శ్రీకాకుళం నుంచి ఉత్తరం వచ్చింది. కుట్టుపని టీచర్లకి ఆరు వారాల శిక్షణ, అక్కడే హాస్టలు. సోమవారం మధ్యాహ్నం లోపల చేరాలి. చేరితే మహిళా మండలిలో ఉద్యోగం ఇస్తారు. చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి. నలభై రెండేళ్ళ వయసులో తన పేరు మీద వచ్చిన మొదటి సర్కారు ఉత్తరం అది. కుట్టుమిషను సొరుగులో పెట్టి, రోజుకొకసారి తీసి చదువుకునేది.

దారి చూపించింది తమ్ముడు నీలకంఠం. కొత్తగా కడుతున్న స్టీలు ప్లాంటులో పని. ఈ మధ్యే జపాను రకం వంద సీసీ బండి కొన్నాడు. బావ మోకాలి సంగతి అతనికి తెలియదు. అక్క ఊరు వెళ్ళాలనుకుంటోందని, బావకి పాత బండి బరువైపోయిందని మాత్రం తెలుసు.

"ఆరు వారాలు బళ్ళు మార్సుకుందాం బావా. నా బండి నువ్వు తోలు. నీ రోడ్డు రోలరు నాకియ్యి."

జగ్గారావు వెంటనే కాదనలేదు. ఆదివారం రుషికొండ దాకా వెళ్ళి చూద్దామన్నాడు. అది చాలు, రామలక్ష్మమ్మ ట్రంకు పెట్టె దింపి రెండు చీరలు మడత పెట్టింది.

ఆదివారం పొద్దున్న నీలకంఠం వచ్చేసరికి బుల్లెట్ అప్పటికే దడదడలాడుతూ వీధిలో ఉంది.

"లీటరుకి పాతికైనా ఇస్తదా బావా ఇది? నాది ఎనబై."

"దోమ కూడా తక్కువే తాగుతాది."

"బరువు సూడు. పడిపోతే లేపడానికి క్రేను కావాల."

"పడితే కదరా. నలుగురెక్కినా నడుం వంచదిది. నీ బండి మీద మీ అప్పని ఎక్కించుకో. గట్టు ఎక్కీటప్పుడు తెలుస్తాది."

అలా రామలక్ష్మమ్మ వెళ్ళేటప్పుడు తమ్ముడి వెనక కూర్చుంది. కొత్త బండి కుట్టుమిషనులా సన్నగా, వినసొంపుగా నడిచింది. సీటు అదరలేదు. పక్కవాళ్ళతో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. ఊరు దాటేదాకా ఆమె ప్రాణం హాయిగా ఉంది.

కొండల దగ్గర రోడ్డు పైకి లేచింది. నీలకంఠం గేరు తగ్గించాడు, మళ్ళీ తగ్గించాడు. బండి గొంతు కీచుమంది. ఎదురుగా ఒక లారీ దూసుకుపోతే ఆ గాలికి ముందు చక్రం ఊగింది. ఆమె తమ్ముడి చొక్కా గట్టిగా పట్టుకుంది. వెనకనుంచి బుల్లెట్ వచ్చింది. తొందర లేదు. మెట్లు ఎక్కే పెద్దమనిషిలా ఒక్కో అడుగూ వేస్తున్నట్టు దడ్, దడ్ మంటూ వాళ్ళని దాటి గట్టెక్కేసింది. జగ్గారావు తిరిగి కూడా చూడలేదు.

ఆ బండి సంగతి ఆమెకి కొత్త కాదు. పెళ్ళయిన రెండో ఏడు దాని మీదే పూరీ దాకా వెళ్ళొచ్చారు. రెండు పక్కలా కాన్వాసు సంచులు, ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో వంట సామాను. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. దారిలో బండి ఎక్కడా మొరాయించలేదు. ఒకప్పుడైతే అది గట్టెక్కుతుంటే ఆమె పొంగిపోయేది. ఇవాళ అది దాటి వెళ్తుంటే ట్రంకు పెట్టెలో మడత పెట్టిన రెండు చీరలు గుర్తొచ్చాయి.

రుషికొండ దగ్గర జగ్గారావు అలవాటు ప్రకారం వాలు చూసుకుని బండి ఆపాడు. సరుగుడు చెట్ల కింద ఇద్దరు పల్లెవాళ్ళు వల బాగుచేసుకుంటున్నారు. వాళ్ళు తప్ప మనిషి జాడ లేదు.

"రోడ్డు మీద నువ్వే గెలిసావు బావా, ఒప్పుకున్నాను," అన్నాడు నీలకంఠం. "ఇప్పుడు ఇది సూడు." బండి పక్కన గొంతుకూర్చుని, చేత్తో కిక్కు నొక్కాడు. చేత్తో! బండి అందుకుంది.

జగ్గారావు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తరువాత నీలకంఠాన్ని లేవమని, ఇంజను ఆపించి, తను ఎక్కాడు. కుడికాలు పెట్టి మెత్తగా అదిమాడు. స్టార్టయింది. మళ్ళీ ఆపాడు, మళ్ళీ అదిమాడు. మళ్ళీ స్టార్టయింది. మోకాలు అడ్డం తిరగలేదు. అతని మొహంలో ఎనిమిది నెలలుగా బిగుసుకుపోయినదేదో సడలింది. రామలక్ష్మమ్మ మనసులోనే పెట్టెకి తాళం వేసేసింది.

రోడ్డు చివరిదాకా చక్కగా వెళ్ళాడు. తిప్పాడు. తిరిగొస్తూ చెట్ల దగ్గర ఆపడానికి ఎడమకాలు నొక్కాడు.

బుల్లెట్‌కి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. కొత్త బండికి అది తిరగేసి ఉంటుంది. ఎడమకాలు నొక్కితే గేరు మారింది తప్ప బండి ఆగలేదు. అతను ఇంకా గట్టిగా తొక్కాడు. మరో గేరు పడింది. అక్కనీ తమ్ముణ్ణీ దాటి, రోడ్డు దిగి, నేరుగా ఇసకలోకి వెళ్ళి, ముందు చక్రం కూరుకుపోతే పక్కకి ఒరిగి పడ్డాడు.

"సముద్రంలోకి తోలీకు బాబూ," అన్నాడు వల దగ్గరి మనిషి. "సేపలకి లైసెన్సు లేదు."

రెండోవాడు నవ్వాడు. నీలకంఠం నవ్వు ఆపుకుంటూ పరిగెత్తాడు. "దెబ్బ తగిలిందేటి బావా?"

"లేదు." ఇసక దులుపుకుంటూ చెట్టు మొదలు పట్టుకుని మెల్లగా నిలబడ్డాడు.

"ఇంకోపాలి తోలు. రెండ్రోజుల్లో అలవాటైపోద్ది."

"ఎవులికి అలవాటయ్యీది? నాకైతే అవుద్ది, కాలికి అవదు. ఎదర లారీ వచ్చినప్పుడు కాలు ఆలోసించుకుని తొక్కుతాదేటిరా? పాతికేళ్ళు ఇటు గేరు, అటు బ్రేకు. పోర్టు రోడ్డులో రోజుకి ఎన్ని లారీలో నీకు తెలీదా?"

ఆ మాటలో తప్పు పట్టడానికి రామలక్ష్మమ్మకి ఏమీ దొరకలేదు. అదే ఆమెని కూలదోసింది. మూర్ఖంగా మాట్లాడితే పోట్లాడేది.

వచ్చేటప్పుడు బుల్లెట్ మీద, భర్త వెనక కూర్చుంది. అతని చొక్కా వెనక ఇసక అంటుకుని ఉంటే దులిపింది. గట్టు దిగుతుంటే వెనక ఎక్కడో కొత్త బండి సన్నగా మోగుతూ వినబడింది.

సోమవారం ఆరుంబావుకి, ఆరోజు గడియ పెట్టని పెరటి తలుపు తోసుకుని పోతమ్మ వచ్చి తట్ట దించింది. రామలక్ష్మమ్మ అప్పటికే తల దువ్వుకుని, బస్సుకి కట్టుకునే చీర కట్టుకుని ఉంది. బూటు తొడుక్కుంటూ అంది.

"పోతమ్మా, రేపట్నించి దీన్ని నువ్వు తన్నగలవా? ఆరు వారాలు."

పోతమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "దీనికేటమ్మా, తన్నుతాను. అయితే ఆ ముల్లూ గిల్లూ నాకానదు. దగ్గరది కళ్ళకి మసక. అది బాబే సూసుకోవాల."

"సేపలు తూసి నీ దారిన నువ్వు పో." గుమ్మంలోంచి జగ్గారావు గొంతు. "మా బండి జోలికి రాకు."

పోతమ్మ తట్ట పక్కన చతికిలబడి, ఆ మాట తనకి కాదన్నట్టు చేపల మీద కప్పిన ఆకులపై నీళ్ళు చల్లుకుంది. రామలక్ష్మమ్మ బండి దగ్గరికి వెళ్ళింది. కుళాయి తిప్పింది. లివరు నొక్కింది. ముల్లు మధ్యకు వచ్చింది. తన్నింది. బండి అందుకుంది. జగ్గారావు గోడ పట్టుకుని వచ్చి ఎక్కి, తలుపు తీస్తుందని ఎదురుచూశాడు.

ఆమె తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"నాను ఏడున్నర బస్సుకి శ్రీకాకులం ఎల్తన్నాను."

"ఏటీ?"

"శ్రీకాకులం. రేపట్నించి పోతమ్మ తన్నుద్ది."

అతని చెయ్యి బండి ఆపడానికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఆపితే మళ్ళీ ఎవరో తన్నాలి. తన్నే మనిషి తలుపు దగ్గర నిలబడి ఉంది. డ్యూటీకి ఇంక ముప్పావుగంట కూడా లేదు. చెయ్యి వెనక్కి వచ్చింది. ఇంజను మోత మీంచి అరవాల్సి వచ్చింది.

"సేపలమ్మీదానిసేత తన్నించుకుని డ్యూటీకి పోవాలా నాను?"

"ఎనిమిది నెల్లనుంచి బట్టలు కుట్టీదానిసేత తన్నించుకుంటన్నారు కదా."

"ఈదిలో అందరికీ తెలిసిపోద్ది!"

"తలుపు మూసీ ఉంటాది. పోతమ్మ ఎన్నాళ్ళనుంచి సూత్తంది? ఎవులికైనా సెప్పిందేటి?"

"మీ గుట్టు నాకెందుకు బాబూ," అంది పోతమ్మ ఆకులు సర్దుతూ. "నా తట్ట మోయడానికే నా మెడ సరిపోతంది."

బండి మోతకి ముగ్గురిలో ఎవరు ఏమి అరిచినా గోడ అవతల వినబడదు. ఆ దడదడలో ఎనిమిది నెలలుగా అతని కుంటితనం దాక్కుంది. ఇవాళ ఆమె మాట కూడా అందులోనే దాక్కుంది. బండి వేడెక్కింది. పొగ పెరడంతా కమ్మింది. అతను హ్యాండిలు పట్టుకుని మీటరు వంక చూస్తూ కూర్చున్నాడు. ముల్లు సన్నగా వణుకుతోంది.

"అన్నం ఎవులు వండుతారు?"

"నీలకంఠం పెళ్ళాం కేరేజీ పంపుతానంది."

"అన్నీ సూసుకునే సెప్తన్నావన్నమాట."

నిజానికి ఆమె నీలకంఠం భార్యని ఇంకా అడగలేదు. బస్సు ఎక్కేముందు అడగాలి.

పోర్టు సైరను మోగింది. ఆరున్నర. అతను తలెత్తాడు. ఆమె మొహం వంక కాదు, కింద పోతమ్మ పాదాల వంక చూశాడు. నీళ్ళల్లో నానీ ఎండీ చీలికలు పడ్డ ఉత్తికాళ్ళు.

"దానికి బూటియ్యి," అన్నాడు. "ఉత్తికాలితో తంతే పాదం పగిలిపోద్ది."

ఆమె తలుపు తీసింది. బుల్లెట్ వీధిలోకి వెళ్ళింది. ఎర్రటి ధూళిలో చక్రం గీత మూల మలుపు దాకా నిటారుగా పడింది. రామలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని బూటు విప్పి పోతమ్మ ముందు పెట్టింది. పోతమ్మ అందులో కాలు పెట్టి, అటూ ఇటూ ఆడించి, "పడవంత ఉందమ్మా" అని, ముందు వైపు పాత గుడ్డ కుక్కింది.

మర్నాడు శ్రీకాకుళం హాస్టల్లో, వరసగా పరిచిన చాపల మధ్య, ఎవరూ లేపకుండానే రామలక్ష్మమ్మకి మెలకువ వచ్చింది. కిటికీలో వెలుతురును బట్టి ఆరుంబావు అయి ఉంటుంది. కుడికాలు దానంతటదే ముడుచుకుని ఉంది. ఊపిరి బిగబట్టి విన్నది. కాకులు, దూరంగా ఎవరిదో చేద బావిలో పడిన చప్పుడు. ముల్లు చూసి అతను సరిగ్గా చెప్పాడో లేదో, బండి అందుకుందో లేదో, ఇంత దూరానికి తెలిసే దారి లేదు. పక్క చాప మీది పిల్ల లేచి, "ఏటమ్మా, కాలు పట్టేసిందా?" అని అడిగింది.

"అవును," అంది రామలక్ష్మమ్మ. కాలు చాపడానికి కొంచెంసేపు పట్టింది.