పాత వారంటీలు

గిన్నెల మీద సబ్బు నురగ ఇంకా కడగనేలేదు. హాల్లోంచి భర్త గొంతు వినిపించింది.

"ఏమోయ్! కంప్యూటర్లో చోటు చాలక, 'పాత వారంటీలు' అని ఏదో ఉంటే తీసి పారేశాను. మిక్సీ పోయి నాలుగేళ్ళయింది, దాని వారంటీ ఇంకా దాచావా తల్లీ! చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాలే. సాయంత్రం అక్క కొడుకు పెళ్ళి వీడియో ఎక్కించాలి."

ఆమె చేతిలో గ్లాసు జారింది. స్టీలుది కాబట్టి సొట్టతో సరిపోయింది. ఆమె హాల్లోకి వచ్చేసరికి ఆయన చెప్పులేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

భర్త టాక్సు పత్రాలు, అత్తగారి స్కానింగులు, కొడుకు సర్టిఫికెట్లు, అన్నీ ఆ కంప్యూటర్లోకి ఎక్కించి, పేర్లు పెట్టి, అడిగిన అర నిమిషంలో తీసిచ్చేది ఆమే. "నాలుగు బటన్లు నొక్కడమేగా, అదీ ఓ పనేనా" అనేవాడాయన. "ఆ డబ్బా ముందు కూర్చుంటే అంట్లు వాటంతటవే తోముకుంటాయా?" అనేది అత్తగారు. ఇంత సర్దినా తనకంటూ ఉన్నది ఒక్కటే ఫోల్డరు. ఆ ఇంట్లో ఎవరూ పొరపాటున కూడా తెరవని పేరు ఏరి మరీ పెట్టింది. ఆరేళ్ళుగా ఎవరూ తెరవలేదు. తెరవకుండానే పారేయొచ్చన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

అందులో వారంటీలు లేవు. ఆమె గొంతుంది. ఒకనాటి మధ్యాహ్నం, పొద్దుటి నుంచి తను ఏం మాట్లాడిందా అని గుర్తు చేసుకుంటే "వస్తున్నా", "పెడుతున్నా", "ఇదిగో" తప్ప ఇంకేమీ తేలలేదు. ఆ రోజే, అత్తగారు నిద్రపోయాక, కొడుకు ఆటల కోసం కొనుక్కున్న మైకు ముందు కూర్చుని మాట్లాడి దాచుకోవడం మొదలుపెట్టింది. కిటికీలో కనబడిందీ, చిన్నప్పుడు జరిగిందీ, మనసుకు తోచిందీ. మొత్తం అరవై గంటలు.

తడి చేతులతోనే రిపేరు షాపుకు ఫోన్ చేసింది.

"తీసేసినవి వెంటనే పోవమ్మా," అన్నాడు మెకానిక్కు. "ఆ జాగాలో ఇంకోటి ఎక్కితేనే పోతాయి. ఇప్పుడేమైనా ఎక్కుతోందా?"

తెర వైపు చూసింది. కొడుకు కాలేజీకి వెళ్తూ కొత్త గేము డౌన్‌లోడ్‌కి పెట్టి వెళ్ళాడు. మూడు శాతం. నాలుగు.

"ఎక్కుతోంది!"

"ప్లగ్గు పీకేయండి!"

పీకేసింది. తెర నల్లబడింది.

"కరెంటు పోయిందా ఏవిటే?" లోపల్నుంచి అత్తగారు.

"లేదత్తయ్యా. నేనే తీశాను."

కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, బండి మాట్లాడుకుని షాపుకు చేరింది. నుదుటి మీదికి కళ్ళజోడు నెట్టుకున్న మెకానిక్కు డిస్కు ఊడదీసి, తన కంప్యూటర్‌కి తగిలించి, పోయినవాటి కోసం వెతుకులాట మొదలుపెట్టించాడు. తర్వాత బల్ల మీద రెండు కొత్త డిస్కులు పెట్టాడు.

"దొరికినవి మళ్ళీ ఇందులోనే రాయకూడదు. వేరే డిస్కు కావాలి. ఈ పెద్దది లోపల బిగిస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఈ చిన్నదేమో బ్యాగులో వేసుకునేది. చోటు తక్కువ, ఖరీదెక్కువ. కానీ లోపల తిరిగే చక్రం లేదు, కిందపడ్డా ఓ పట్టాన పాడవదు. సార్‌ని ఒకమాట అడిగి చెప్పండి."

అలవాటుగా ఆమె చెయ్యి పెద్దదాని మీదికే పోయింది. గిన్నె కొన్నా, దుప్పటి కొన్నా అందరికీ సరిపోతుందా అని చూడటమే ఆమెకు తెలుసు.

"ఇంతకీ మీవి ఎంతుంటాయమ్మా?" అన్నాడతను.

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

రెండు గంటలు గడిచాయి. స్టూలు మీంచి ఆమె కదల్లేదు.

"ఒకటి తేలింది! మీదో కాదో వినండి," అంటూ మెకానిక్కు స్పీకరు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. భర్త.

"కంప్యూటర్ ఎత్తుకెళ్ళావటగా! అమ్మ చెప్పింది. మతి గాని పోయిందా? ఏముందందులో, వారంటీలేగా?"

ఆమె ఫోన్ తీసుకెళ్ళి స్పీకరు దగ్గర పెట్టింది.

"... ఇవాళ కూడా వానే. ఎవరికైనా చెబుదామనిపించింది. చెబితే, అయితే బట్టలు తీశావా అంటారు." చిన్న నవ్వు. "చిన్నప్పుడు నేను నవ్వితే వీధి చివరికి వినబడేదట ..."

ఆమె ఫోన్ మళ్ళీ చెవికి ఆనించుకుంది. పంతొమ్మిదేళ్ళ కాపురం. ఇప్పుడంటాడు, ఇదిగో ఇప్పుడంటాడు.

"ఎవరావిడ?" అన్నాడాయన. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. "నీకు తెలిసినావిడా?"

"తెలిసినావిడేనండీ," అని ఫోన్ పెట్టేసింది.

పెద్ద డిస్కును మెకానిక్కు వైపు జరిపింది.

"చిన్నదివ్వండి. నా ఒక్కదానికే."