రెండు నొక్కులు

ఆమెది మాట్లాడే ఉద్యోగం. ఎత్తైన టవర్లో, నాలుగు వైపులా అద్దాలున్న గదిలో కూర్చుని, విమానాల్లో వచ్చేవాళ్ళకి ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఆగాలో చెబుతుంది. గంటల తరబడి నోటికి తీరిక ఉండదు. ఇంటికెళ్ళి తాళం తీశాక మాత్రం, మళ్ళీ టవరెక్కేదాకా ఆ నోటికి పనే ఉండదు. భర్త పోయిన కొత్తలో చుట్టాలంతా ఫోన్లు చేశారు. తర్వాత ఎవరి గొడవల్లో వాళ్ళు పడ్డారు. ఇప్పుడు చెల్లెలొక్కతే అప్పుడప్పుడు చేసి, "ఒంటికాయ సొంటికొమ్ములా అక్కడెందుకక్కా, మా ఇంటికొచ్చి ఉండరాదూ" అంటుంది, నిజంగానే వచ్చేస్తుందేమోనని హడలిపోతున్న గొంతుతో.

టవర్లో మాటలకి కొలత ఉంది. మైకు బటన్ నొక్కి పట్టుకుంటేనే మాట అవతలికి పోతుంది. ఆమె ఏది చెబితే పైలట్ అదే తిరిగి అప్పజెప్పాలి. తప్పుంటే ఆమె దిద్దాలి. ఒప్పైతే అక్కడితో సరి. కుశల ప్రశ్నలకి, కబుర్లకి అందులో చోటు లేదు.

ఆ సంగతి తెలియనట్టు ఉండేవాడు ఒక్కాయనే, సాయంత్రం పూట పార్సిళ్ళు మోసుకొచ్చే చిన్న విమానం పైలట్. అందులో ఆయన తప్ప నరమానవుడుండడు, వెనకంతా అట్టపెట్టెలే. చెప్పింది అప్పజెప్పి ఊరుకుంటే ఏం పోయింది? ఊరుకోడు. "మీ వైపు మబ్బు పట్టిందండీ, గొడుగు తెచ్చుకున్నారా?" అంటాడు. ఒకరోజు ఆమెకి ఒళ్ళు మండింది. "ఇది మీ చుట్టాలిల్లు కాదండీ. పనికొచ్చే మాటైతేనే బటన్ నొక్కండి" అని కడిగేసింది.

మర్నాడు ఆయన బుద్ధిగా అప్పజెప్పాడు. ఆపైన ఒక్క మాట అనలేదు. బటన్ మాత్రం రెండుసార్లు నొక్కి వదిలాడు. ఆమె చెవుల్లో టిక్, టిక్ అంది. మాటలొద్దన్నారు కాబట్టి మాట్లాడలేదు, ఇక ఏం చేస్తారో చేసుకోండి అన్నట్టుంది ఆ చప్పుడు. ఆమెకి నవ్వొచ్చింది. అటూ ఇటూ చూసి తనూ రెండుసార్లు నొక్కింది.

అది ఏళ్ళ తరబడి సాగింది. మొదట్లో సెలవు తీసుకోవడానికే నొక్కేవాళ్ళు. పోనుపోను "సరే" అనాల్సిన చోటల్లా నొక్కులే అయ్యాయి. అలా చేయకూడదని ఇద్దరికీ తెలుసు. అయినా మానలేదు. రోజు మొత్తంలో ఆమె కోసమని వచ్చే చప్పుడు అదొక్కటే మరి. ఆయన మొహం ఆమె చూడలేదు, ఆమె మొహం ఆయన చూడలేదు.

ఆ సాయంత్రం వాన వెలిసి, పడమటెండకి తడి రన్‌వే కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. రన్‌వే పక్క గడ్డిలోంచి పురుగులు లేచాయి, వాటి కోసం పిట్టలు దిగాయి. పిట్ట ఇంజన్లో పడితే కొంప మునుగుతుంది కాబట్టి వాటిని తోలడానికి ఒక జీపుంది. దాని డ్రైవర్ని టవర్లో అందరూ పిట్టలన్న అంటారు. ఆమె జీపుని రన్‌వే మీదికి పంపింది. జీపుతో మాట్లాడటానికి వేరే వాకీటాకీ ఉంది, ఆ మాటలు పైలట్లకి వినపడవు.

పార్సిళ్ళాయన వచ్చాడు. "రన్‌వేకి ఎదురుగా ఉన్నానండీ. దిగొచ్చా?"

వద్దని చెప్పడానికి ఆమె బటన్ నొక్కింది. సరిగ్గా అప్పుడే బల్ల మీది వాకీటాకీ గీపెట్టింది. "అక్కా! ఒక గద్ద కదలట్లేదక్కా, నా వంకే చూస్తోంది!" ఆమె ఉలిక్కిపడి బటన్ వదిలింది. మళ్ళీ నొక్కింది. "హారన్ కొట్టినా అంతే అక్కా!" మళ్ళీ వదిలేసి వాకీటాకీ అందుకుంది. "గద్దతో తగువు తర్వాత పెట్టుకుందువుగానీ, ముందు రన్‌వే దిగి పక్కకి రా!" అని కేకేసింది. పార్సిళ్ళాయన గురించి ఆమెకి బెంగ లేదు. జవాబు రాకపోతే దిగకుండా పైకి లేచిపోవాలని పైలట్లందరికీ తెలుసు.

తలెత్తి చూస్తే విమానం లేవడం లేదు, దిగుతోంది.

అప్పుడు అర్థమైంది ఆమెకి. జవాబు ఆయనకి అందింది. ఒక్క మాటా లేకుండా తను రెండుసార్లు బటన్ నొక్కి వదిలింది.

బటన్ నొక్కి పట్టుకుంది. "దిగొద్దు! పైకి లేవండి! పైకి, పైకి!" అని అరిచింది. నేర్చుకున్న కొలత మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. చక్రాలు నేలని తాకబోతూండగా విమానం ముక్కు పైకెత్తింది. జీపుని రాసుకుపోయిందా అన్నంత దగ్గరగా దాని మీదుగా వెళ్ళిపోయింది. పిట్టలన్న జీపులోంచి దూకి తడిగడ్డిలో బోర్లా పడ్డాడు. గద్ద మాత్రం అప్పుడు తీరిగ్గా ఎగిరింది.

కాసేపటికి వాకీటాకీలో "అక్కా" అన్నాడు పిట్టలన్న. ఆ పిలుపు ఆమె చెవుల్లోంచి చాలా రోజులు పోలేదు.

విచారణకి పిలిచిన రోజు ఆమె ఆఫీసు నడవాలో బెంచీ మీద కూర్చుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పొట్టి మనిషి వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. ఆమె పట్టించుకోలేదు.

"మబ్బు పట్టిందండీ. గొడుగు తెచ్చుకున్నారా?"

ఆమె గిరుక్కున తిరిగింది. "మీరా!"

"నేనేనండీ. ఆ తిట్లకి మీరు ఇంకా భారీగా ఉంటారనుకున్నాను."

"మీరు పొడుగ్గా ఉంటారనుకున్నాను."

"పైనున్నప్పుడు పొడుగేనండీ."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆయన గొంతు తగ్గించి, "మీరు లోపల ఏం మాట్లాడకండి. అనుమతి లేకుండా దిగబోయానని నేనే ఒప్పేసుకుంటాను. ఆ టిక్కులు మెషీన్ చప్పుడనుకుంటారు" అన్నాడు.

"మీ లైసెన్స్ ఊడిపోతుంది."

"ఊడనివ్వండి."

"ఊడితే ఏం చేస్తారు?"

ఆయన చేతిలో టోపీని అటూ ఇటూ తిప్పాడు. "ఏమోనండీ. ఇంట్లో నేనేదైనా అంటే ఊఁ అనేవాళ్ళు కూడా లేరు. మీరు ఊఁ అంటారనే ఇన్నాళ్ళూ ఎగిరాను."

నాకూ అంతేనండీ అందామనుకుంది ఆమె. "గట్టిగా అనకండి, ఎవరైనా వింటారు" అంది.

లోపల అధికారి రికార్డింగ్ వినిపించాడు. దిగొచ్చా అన్న ఆయన గొంతు, వెంటనే టిక్, టిక్. "ఈ చప్పుడేంటమ్మా?" అన్నాడు అధికారి. పక్కనున్న టెక్నీషియన్, "పాత మెషీన్ సార్, ఒక్కోసారి అలా అంటుంది" అని తనే దారి చూపించాడు. ఆమె ఊఁ అంటే చాలు, తన ఉద్యోగానికి మచ్చ పడదు. నొక్కుల సంగతి ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. ఆయన మాత్రం ఇంకెప్పుడూ ఎగరడు.

"మెషీన్ బాగానే ఉందండీ. అది మా అలవాటు" అంది.

మొత్తం చెప్పింది. ఇన్నేళ్ళూ దాచుకున్నది ఆ గదిలో పిల్లలాటలా వినపడింది. ఎవరో నవ్వాపుకున్నారు. ఆ నవ్వుకి ఆమెకి తల కొట్టేసినట్టయింది. అధికారి కళ్ళద్దాలు తీసి, "ఇంత సర్వీసుండి ఇదేం పనమ్మా? ఆ జీపువాడు పోయుంటే?" అన్నాడు. ఆమెకి గడ్డిలో బోర్లా పడ్డ పిట్టలన్నే కళ్ళ ముందున్నాడు.

తప్పు ఇద్దరిదీ అని తేలింది కాబట్టి ఆయన లైసెన్స్ నిలిచింది. ఇద్దరినీ కొన్నాళ్ళు పక్కన పెట్టారు. మాట లేకుండా ఎవరూ బటన్ నొక్కకూడదని కొత్త ఉత్తర్వు వచ్చింది. గోడంతా ఖాళీగా ఉన్నా, దాన్ని తెచ్చి ఆమె కుర్చీకి ఎదురుగానే అతికించారు.

ఆమె మళ్ళీ మైకు ముందు కూర్చున్నాక, ఒక సాయంత్రం పార్సిల్ విమానం వచ్చింది. అదే గొంతు.

"రన్‌వేకి ఎదురుగా ఉన్నాను. దిగొచ్చా?"

"రన్‌వే ఖాళీ. దిగండి."

"రన్‌వే ఖాళీ. దిగుతున్నాను."

దిగాడు. ఎక్కడ ఆగాలో ఆమె చెప్పింది. ఆయన అప్పజెప్పాడు. అక్కడితో సరి.

కానీ ఆయన బటన్ వదల్లేదు. ఆమె చెవుల్లో ఇంజన్ హోరు, దాని వెనక ఎక్కడో ఒక మనిషి ఊపిరి. ఏమీ అనడం లేదు. ఆమె కళ్ళు మూసుకుంది. ఎవరో వచ్చి పక్కన ఊరికే కూర్చున్నట్టుంది. ఎంత హాయిగా ఉందంటే ఏడుపొచ్చింది. ఆయన బటన్ పట్టుకున్నంతసేపూ ఇంకెవరి మాటా ఎవరికీ వినపడదు. ఎవరైనా దిగొచ్చా అని అడిగినా, వద్దని తను అరిచినా.

హోరు ఆగింది. ఆయన వదిలాడు. ఇప్పుడు ఆమె ఏమీ అనకపోతే రేపు కూడా ఇలాగే పట్టుకుంటాడు. ఏమీ అనకూడదనే ఆమె కోరిక. కింద గడ్డి పక్కన పిట్టలన్న జీపు ఆగి ఉంది.

ఆమె బటన్ నొక్కింది. "పార్సిల్, మాట లేకుండా బటన్ నొక్కకండి."

ఆయన కొలిచినట్టు, మెల్లగా అప్పజెప్పాడు. "మాట లేకుండా బటన్ నొక్కను."

ఆమె ఎంతోసేపు చెవులు అటే పెట్టి కూర్చుంది. ఆయన ఒక్క ముక్క తప్పు పోలేదు. దిద్దడానికి ఆమెకి ఏమీ మిగల్లేదు.